ఆవకాయా, కన్యాశుల్కమూ

మొన్న వేసవికి మా మనవరాలు ఊరినుంచి వచ్చింది. వచ్చిన రెండోరోజు పొద్దున్నే లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని వీధరుగు మీద కూర్చుంది. గంటసేపు చూశాను. ఒక్క అక్షరం కొట్టలేదు. ఎదురుగోడ మీద బల్లిని చూస్తూ కూర్చుంది. బల్లి కూడా దాన్నే చూస్తోంది.

“ఏమిటమ్మా కథ?” అన్నాను.

పైచదువుకి విదేశంలో ఏదో విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెడుతోందట. మార్కులూ సర్టిఫికెట్లూ ఉంటే చాలవట. ‘నాకీ చదువు ఎందుకు కావాలి’ అని రెండు పేజీల వ్యాసం కూడా రాసి పంపాలిట.

“ఎందుకు కావాలో నీకు తెలీదా ఏమిటి?”

“తెలుసు తాతయ్యా. తెలిసింది రాస్తే సీటివ్వరు. అదీ బాధ” అంది.

చెప్పొద్దూ, ఆ మాట నాకు భలే నచ్చింది. అంతవరకూ రాసిన మొదటి వాక్యం చూపించింది. చిన్నప్పటినుంచీ తనకి యంత్రాలు ఎలా ఆలోచిస్తాయో తెలుసుకోవాలన్న తపన ఉండేదని రాసింది. నాకు తెలిసినంతలో చిన్నప్పుడు దానికి తపన ఉన్నది పీచుమిఠాయి మీద. కంప్యూటరు కోర్సులో చేరింది పక్కింటి స్నేహితురాలు చేరింది గనక. ఈ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు. బహుశా ఆ విశ్వవిద్యాలయం వారికీ తెలిసే ఉంటుంది. అయినా వాళ్లు అడగాలి, ఇది రాయాలి. ఈ లోకంలో మనం చేసే ప్రతి పనికీ ఒక గొప్ప కారణం ఉండితీరాలని ఎవరో శాసనం చేసినట్టుంది.

నేను ఏదో సలహా చెప్పబోయేంతలో లోపలినుంచి మా ఆవిడ కేకేసింది. “ఆ మామిడికాయలు తడిగుడ్డతో తుడిచి కాస్త ఆరబెట్టకూడదూ!” అని. వెళ్లాను. వెళ్లకపోతే ఏమవుతుందో నా వయసు మగవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మా ఆవిడ ఏటేటా పాతిక కాయల ఆవకాయ పెడుతుంది. ఇంట్లో ఉన్నది ఇద్దరం. నాకు రక్తపోటు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. పిల్లలు వచ్చినప్పుడు ఒక సీసాడు పట్టుకెళితే పట్టుకెళతారు, లేకపోతే లేదు. జాడీలో సగం పై ఏడాదికి మిగిలిపోతుంది. మరి ఎందుకు పెడుతున్నట్టు? మనవరాలి ప్రశ్న బుర్రలో తిరుగుతోందేమో, కాయలు తుడుస్తూ అదే అడిగేశాను.

“మొదట్లో మీ అమ్మగారి నోటికి జడిసి పెట్టాను” అంది, ఏమాత్రం తడుముకోకుండా. “కొత్త కోడలికి ఆవకాయ కూడా రాదని పదిమందిలో అంటారని భయం.”

“మా అమ్మ పోయి ఇరవై రెండేళ్లయింది.”

“అవును. ఆవిడ పోయిన ఏడాది మానేద్దామనే అనుకున్నాను. బజార్లో కాయలు చూసేసరికి చెయ్యి ఊరుకోలేదు. ఆవగుండా, కారం, ఉప్పూ, నూనే పాళ్లు కుదిరితే కలుపుతున్నప్పుడే చేతికి తెలుస్తుంది. అది తెలిసేదాకా తోచదు. అంతే. ఇంకో నాలుగు కాయలు తుడవండి.”

నేను ముప్ఫై నాలుగేళ్లు హైస్కూళ్లలో తెలుగు మేష్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. మనుషుల మనసుల్లో ఏముందో నాకు పుస్తకాల్లోంచి తెలియడమే అలవాటు. మా ఆవిడ ఆ మాట అనగానే నాకు చప్పున స్ఫురించినది గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం. ఆవకాయకీ కన్యాశుల్కానికీ ఏమిటి సంబంధం అంటారా? అదే చెప్పబోతున్నాను.

కన్యాశుల్కం మొదటిసారి 1892లో విజయనగరంలో ఆడారు. పుస్తకంగా అచ్చయింది 1897లో. ఆ అచ్చుకి అప్పారావుగారు ఇంగ్లీషులో ఒక పీఠిక రాశారు. అందులో తాను ఈ నాటకం ఎందుకు రాశాడో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. ఒకటి, సంఘసంస్కరణకి సాయపడాలని. రెండు, తెలుగు భాష నాటకరంగానికి పనికిరాదని జనంలో పాతుకుపోయిన దురభిప్రాయాన్ని పోగొట్టాలని.

మొదటి కారణం ఎంత గట్టిదో ఆ పీఠికలోనే లెక్కలున్నాయి. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కవివాహాల జాబితా తయారుచేయించారు. జాబితాకి ఎక్కినవే 1,034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు. ఈ అంకెలు చదివాక నాటకం ఎందుకు రాశావయ్యా అని ఎవరూ అడగరు.

అయితే ఆ పీఠికలో కారణంగా చెప్పనిది ఇంకొకటి ఉంది. అది దాచిపెట్టిందీ కాదు, అందరికీ కనిపించేదే. అప్పారావుగారు మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పినవారు, ఆపైన సంస్థానంలో శాసన పరిశోధకులుగా ఉద్యోగం చేసినవారు. నాటకం అంకితం ఇచ్చింది ఆనంద గజపతి మహారాజావారికే. సంస్కరణ మీద ప్రభువుకి అభిమానం, నాటకాల మీద ప్రభువుకి సరదా. ప్రభువు మెచ్చే పని చేయాలనుకోవడంలో తప్పేముంది? అంటే ఒక్క నాటకం వెనక కనీసం మూడు కారణాలు. సంఘం, భాష, ప్రభువు. సరిగ్గా మా ఆవిడ మొదటి ఆవకాయ జాడీ వెనక ఉన్నట్టే. ఇంటి అవసరం, తన పనితనం, అత్తగారు.

ఇక్కడినుంచీ అసలు సంగతి. ఆనంద గజపతిగారు 1897లోనే కాలం చేశారు. పుస్తకం అచ్చయింది, పేరొచ్చింది, అంకితం అందుకున్నవారు వెళ్లిపోయారు. ఇంకొకరైతే అక్కడితో ఆ పని అయిపోయిందనుకుని మరో పని చూసుకునేవారు. అప్పారావుగారు అలా చేయలేదు. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న మనిషి ఆ నాటకాన్నే మళ్లీ ముందు వేసుకుని కూర్చున్నారు. పన్నెండేళ్ల తర్వాత, 1909లో, రెండో కూర్పు వచ్చింది. అయిదంకాల నాటకం ఏడంకాలైంది. మొదటి కూర్పులో అంతగా ఎదగని మధురవాణి రెండో కూర్పులో నాటకానికి ప్రాణమై కూర్చుంది. ఇవాళ మనం కన్యాశుల్కం అని చదువుతున్నదీ, ఆడుతున్నదీ, ఎన్.టి.రామారావు, సావిత్రి వేస్తే 1955లో సినిమాగా చూసిందీ ఈ రెండో కూర్పు కథనే.

మహారాజావారు పోయాక ఈ నాటకం ఎవరికోసం రాసినట్టు? సంస్కరణ కోసమే అయితే మొదటి కూర్పే చాలు. శుల్కం తప్పని చెప్పడానికి మధురవాణి అంత పెరగనక్కర్లేదు. నాకు తోచినది ఒకటే. ఆవగుండ పాళ్లు కుదిరితే చేతికి తెలుస్తుందే, అదే అప్పారావుగారిని కూర్చోబెట్టింది. మధురవాణి మొదటి కూర్పులో పూర్తిగా కుదరలేదని ఆయన చేతికి తెలిసిపోయింది. తెలిశాక ఇక తోచలేదు.

మనచేత పని మొదలుపెట్టించేది ఒకటీ, కొనసాగించేది మరొకటీ. మొదలుపెట్టించేది తరచు బయటినుంచి వస్తుంది. భయమో, జీతమో, పేరో, పక్కింటి స్నేహితురాలో. కొనసాగించేది మాత్రం ఆ పనిలోంచే పుడుతుంది. చేయగా చేయగా పుడుతుంది. చేయకుండా పుట్టదు. నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే. అయితే ఇది నా సొంత తెలివి కాదు. కన్యాశుల్కం రాసిన తీరులోనే కాదు, ఆ నాటకంలోని మనుషుల్లోనూ ఈ సూత్రం ఉంది.

గిరీశాన్ని చూడండి. కారణాలు చెప్పడంలో గిరీశాన్ని మించినవాడు తెలుగు సాహిత్యంలో పుట్టలేదు. అప్పులవాళ్ల బాధా, పూటకూళ్లమ్మ చీపురుకట్టా పడలేక పట్నం వదిలి పారిపోతూ, శిష్యుడి చదువు కోసం పల్లెటూరు వెళుతున్నానంటాడు. చుట్ట కాలిస్తే దానికో సిద్ధాంతం. వితంతువుల మీద ఇంగ్లీషులో పద్యం అల్లగలడు. వితంతువివాహం మీద గంటలకొద్దీ ఉపన్యసించగలడు. అతని నోట వచ్చే కారణాలన్నీ ఒక కాగితం మీద రాసి పంపిస్తే, మా మనవరాలు పెట్టే విశ్వవిద్యాలయంలో మొదటి సీటు అతనిదే.

విమర్శకులు గిరీశాన్ని వంచకుడంటారు. నిజమే. కానీ వంచకుడన్న ఒక్కమాటతో సరిపెడితే నాటకం చెప్పే అసలు ముచ్చట జారిపోతుంది. గిరీశం చెప్పే మాటల్లో చాలావరకు మంచివే. వితంతువివాహం మంచిదే. పంతులుగారు కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో మొదటి వితంతువివాహం జరిపించడానికి ఎన్ని కష్టాలు పడ్డారో మనకి తెలుసు. గిరీశంతో వచ్చిన చిక్కు అతని కారణాలు అబద్ధాలు కావడం ఒక్కటే కాదు. ఆ మాటకొస్తే మనందరి మొదటి కారణాల్లోనూ కాస్తో కూస్తో అబద్ధం ఉంటుంది. అతని చిక్కు ఏమిటంటే, ఏడంకాల నాటకంలో అతను ఒక్క పనీ చివరిదాకా చేయడు. వెంకటేశానికి చదువు చెప్పడు. మధురవాణితో ప్రేమ నిలుపుకోడు. అప్పు తీర్చడు. పని చేయనివాడికి పనిలోంచి పుట్టే కారణం ఎక్కడినుంచి వస్తుంది? అందుకే మొదటి అంకంలో గిరీశం ఎలా ఉన్నాడో చివరి అంకంలోనూ అలాగే ఉంటాడు. అందరూ ఎంతోకొంత మారిన నాటకంలో మారనివాడు అతనే.

అగ్నిహోత్రావధాన్లు సంగతి వేరు. ఆయన్ని డబ్బాశ మనిషి అని ఒక్కమాటలో తేల్చేస్తాం. కూతుళ్లని అమ్మిన తండ్రి కదా! కానీ ఆ డబ్బు ఆయన తిన్నాడా, కట్టాడా? కోర్టుల్లో పోశాడు. ఆయన అసలు వ్యసనం వ్యాజ్యం. దావాల మీద దావాలు వేయడం ఆయనకి పరువు, ప్రతాపం, కాలక్షేపం. గిరీశం ఈ కిటుకు కనిపెట్టాడు గనకనే ఆ ఇంట్లో కాలు నిలదొక్కుకోగలిగాడు. తాను దావా కాగితాలకి ఇంగ్లీషు సాయం చేస్తాననేసరికి, అంతవరకూ ఇంగ్లీషు చదువుని తిట్టిన అవధాన్లుగారు మెత్తబడ్డారు. ఎదుటివాడి అసలు కారణం పట్టుకున్నవాడికి ఆ ఇంటి తాళం చెవి దొరికినట్టే. ఆఫీసుల్లో, పార్టీల్లో, పెళ్లిసంబంధాల్లో ఇవాళ కూడా పైకొస్తున్న చాలామంది విద్య ఇదే.

అవధాన్లుగారికి పని ఉంది, పట్టుదల ఉంది, ఏళ్ల తరబడి మానకుండా చేశారు కూడా. మరి పనిలోంచి పుట్టిన కారణం ఆయన్ని ఎందుకు బాగుచేయలేదు? నా సూత్రానికి ఇది పెద్ద గండి. చాలాకాలం దీని దగ్గర నేను ఆగిపోయాను. జవాబు నాటకంలోనే దొరికింది. ఆయన పట్టుదల ఖరీదు ఆయన చెల్లించడం లేదు. పెద్దకూతురు బుచ్చమ్మ చిన్ననాటి వైధవ్యంతో చెల్లించింది. రెండోకూతురు సుబ్బి చెల్లించబోతోంది. భార్య వెంకమ్మ నూతిలో దూకి చెల్లించబోయింది. తన పట్టుదల ఖరీదు పక్కవాళ్లచేత కట్టించేవాడికి ఆ పని ఏమీ నేర్పదు. చేతికి వేడి తగిలితే కదా తెలిసేది!

ఇప్పుడు మధురవాణి. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టాలన్న పన్నాగంతో వచ్చినప్పుడు ఆమె ఎందుకు ఒప్పుకుంది? సుబ్బి మీద జాలితోనే అని చాలామంది వ్యాసాల్లో రాస్తారు. నేనూ ముప్ఫై ఏళ్లు పిల్లలచేత అదే రాయించాను, అయిదు మార్కులూ వేశాను. మళ్లీ చదివితే అంత సూటిగా లేదు. జాలి ఉంది. శాస్త్రితో పాత స్నేహం ఉంది. తనని ఉంచుకున్న రామప్పంతులు డాబుసరి మీద కసి ఉంది. అన్నింటినీ మించి, తెలివితక్కువ పెద్దమనుషుల్ని ఆడించడంలో ఆమెకి గొప్ప సరదా ఉంది. ఆ సరదా దాచుకోదు కూడా. ఇంత కలగాపులగం కారణాలతో మొదలైంది ఆ పని.

ఆట అడ్డం తిరిగింది. వేషం తీసేసి శిష్యుడు మాయమయ్యాడు. పెళ్లికూతురు ఏమైందో తెలీదు గనక లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు వచ్చిపడింది. పిసినారి ముసలాడే కావచ్చు, చేయని హత్యకి శిక్ష పడబోతోంది. ఇక్కడ మధురవాణి ఊరుకోవచ్చు. సుబ్బి పెళ్లి తప్పిపోయింది, మొదటి కారణం తీరిపోయింది. పంతులుకి గడ్డి పెట్టింది, రెండోదీ తీరిపోయింది. అయినా ఊరుకోలేదు. తన చేత్తో మొదలైన పని ఒక మనిషి మెడకి చుట్టుకుందని తెలిసి, మగవేషం వేసుకుని, వేశ్యల్ని గుమ్మం ఎక్కనివ్వని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లింది. మొదటి అంకంలోని మధురవాణికి ఈ కారణం లేదు. చేసిన పనిలోంచి పుట్టింది.

ఆపైన ఆమె ఫీజు అడుగుతుంది, ఒక్క ముద్దు. సౌజన్యారావు తన నియమాన్ని వదులుకుని సరేననేసరికి ఆమే వెనక్కి తగ్గుతుంది. చెడనివాళ్లని చెడగొట్టవద్దని తల్లి చెప్పిందంటుంది. అడిగిన కూలీ చేతికందబోతున్న క్షణంలో తనే వదులుకుంది. ఆ సన్నివేశంలోనే సౌజన్యారావు ఆమె చేతికి భగవద్గీత ఇస్తాడు. ఫలం ఆశించకుండా పనిచేయమని చెప్పే పుస్తకం కదా! ఇచ్చినాయన గమనించాడో లేదోగానీ, అది చదివి నేర్చుకోవలసిన మొదటి పాఠం చదవకుండానే ఆమె చేతల్లోకి వచ్చేసింది. అప్పారావుగారి హాస్యంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది, పైకి నవ్వు రానిది, ఇదే.

అలాగని కన్యాశుల్కంలో లోటు లేదనను. నా దృష్టిలో పెద్ద లోటు సౌజన్యారావు పంతులే. నాటకంలో మిగతా అందరికీ రెండేసి, మూడేసి కారణాలిచ్చిన అప్పారావుగారు ఈయనకి ఒక్కటే ఇచ్చారు, అదీ స్వచ్ఛమైనది. అందుకే ఆయన మాట్లాడుతుంటే మనకి గౌరవం కలుగుతుంది, ఆవులింతా వస్తుంది. ఆయన ఈ సంస్కరణలోకి ఎలా వచ్చాడు? ఎవరి చావు చూశాడు? ఎవరిమీద కోపం వచ్చింది? చెప్పరు. నియమం సడలబోయిన ఆ ఒక్క క్షణంలోనే ఆయన మనిషిలా కనిపిస్తాడు. అసలు కారణాలు అంత శుభ్రంగా ఉన్న మనిషిని నేను బయట ఎక్కడా చూడలేదు. మీరు చూసి ఉంటే అదృష్టవంతులు.

రెండో లోటు బుచ్చమ్మ. గిరీశంతో ఆమె ఎందుకు వెళ్లిపోయింది? ప్రేమతోనా? చెల్లెలి పెళ్లి తప్పుతుందన్న ఆశ కూడా అతని మాటల్లో ఆమెకి వినిపించింది. చెల్లెలి కోసం తన పరువు పణంగా పెట్టిన అక్క అన్నమాట. నాటకంలో ఖరీదు తానే చెల్లించినవాళ్లలో ఆమె మొదటిది. అయినా ఆమె మనసు విప్పి మాట్లాడే అవకాశం నాటకం అంతగా ఇవ్వలేదు. చివరికి సౌజన్యారావు ఆమెని పూనాలో వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. మంచి ఏర్పాటే. కానీ ‘నీకేం కావాలమ్మా?’ అని మాత్రం ఎవరూ కూర్చోబెట్టి అడిగినట్టు లేదు. మనిషి ఏ పని ఎందుకు చేసిందో తెలుసుకోవాలంటే ముందు అడగాలి కదా. ఆ రోజుల్లో బుచ్చమ్మల్ని అడిగే అలవాటు లేదు. ఇప్పుడు మాత్రం ఏపాటి ఉందో మన మన ఇళ్లలో చూసుకోవచ్చు.

ఇంతసేపూ ఊళ్లోవాళ్ల కారణాలు తవ్వాను. నా సంగతి చెప్పకపోతే న్యాయం కాదు.

నా పదవీ విరమణ సభలో దండ వేశారు, శాలువా కప్పారు, మాట్లాడమన్నారు. విద్యాదానాన్ని మించిన దానం లేదనీ, చిన్ననాడే ఉపాధ్యాయవృత్తికి అంకితం కావాలని నిశ్చయించుకున్నాననీ పావుగంట మాట్లాడాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ముందువరసలో కూర్చున్న మా ఆవిడ మాత్రం తలొంచుకుని చీరచెంగు ముడి విప్పుతూ, వేస్తూ ఉంది. ఎందుకంటే దానికి తెలుసు. నేను మేష్టరుగా చేరింది, రాసిన నాలుగు పరీక్షల్లో పాసైంది అదొక్కటే గనక. నాన్నగారి ఆరోగ్యం బాగోక, చెల్లెలి పెళ్లి నెత్తిమీద ఉండి, నెల తిరిగేసరికి జీతం వచ్చే ఏ ఉద్యోగమైనా సరేననుకున్నాను గనక. మొదటి మూడేళ్లూ రాత్రిళ్లు వేరే ఉద్యోగాలకి దరఖాస్తులు రాశాను. ఆ దరఖాస్తుల్లో ఆ ఉద్యోగాలంటే నాకెంత ప్రాణమో కూడా రాశాను.

నాలుగో ఏట ఒక మధ్యాహ్నం. భోజనాలయ్యాక మొదటి పీరియడు, సగం క్లాసు తూగుతోంది. పాఠ్యభాగంలో కన్యాశుల్కంలోంచి ఒక ముక్క. చదువుతున్నాను. అర్థం ఇంకా చెప్పలేదు. వెనకబెంచీలో, పరీక్షలో ఎప్పుడూ పన్నెండు మార్కులు దాటని కుర్రాడు ఒకడు కిసుక్కున నవ్వాడు. తలెత్తి చూశాను. తిడతాననుకుని నోరు మూసుకున్నాడు. తిట్టలేదు. ఆ వాక్యమే మళ్లీ, కాస్త నిదానంగా, విరుపులు సరిచూసుకుని చదివాను. ఈసారి అయిదారుగురు నవ్వారు. మూడోసారి క్లాసంతా. నేను ఒక్క ముక్క వివరించలేదు. నవ్వు ఎక్కడ ఉందో వాళ్లకే దొరికింది.

ఆ రాత్రి దరఖాస్తు రాయలేదు. మర్నాడూ రాయలేదు. నిశ్చయమేమీ చేసుకోలేదండీ, పాఠం ఎలా చదివితే ఏ బెంచీ దాకా వెళుతుందో చూసుకోవడంలో పడి మరిచిపోయాను. ఆ తర్వాత అన్నిరోజులూ అలా గడిచాయంటే అది మరో విరమణ సభ ఉపన్యాసమవుతుంది. విసుగు పుట్టిన ఏళ్లున్నాయి. జీతం కోసమే వెళ్లిన నెలలున్నాయి. పింఛను లెక్కలు వేసుకున్న రాత్రులున్నాయి. కానీ ఎందుకు మానలేదని ఎవరైనా అడిగితే, నిజంగా చెప్పగల జవాబు ఆ వెనకబెంచీ నవ్వు. ఆ సభలో నేను అదొక్కటి చెప్పి ఉండాల్సింది. పన్నెండు మార్కుల కుర్రాడి నవ్వు కోసం ముప్ఫై ఏళ్లు పనిచేశానంటే శాలువాకి తగినట్టుండదని సిగ్గుపడ్డాను.

సాయంత్రం కాయలు ముక్కలు కొట్టడం అయ్యాక మనవరాలి దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఇంకా మొదటి వాక్యం దగ్గరే ఉంది.

“ఒసే పిల్లా, ఎందుకు చేరావన్నది వదిలెయ్. మధ్యలో ఎందుకు మానలేదు? అది చెప్పు” అన్నాను.

కాసేపు ఆలోచించింది. “రెండో ఏడు మానేద్దామనే అనుకున్నా తాతయ్యా. అప్పుడొక ప్రోగ్రాం రాశాను. ఎంతకీ పనిచెయ్యదు. మూడు రాత్రులు కూర్చున్నాను. చివరికి చూస్తే ఒకచోట చిన్న గుర్తు తప్పు. అది సరిచేస్తే టకటకా నడిచిపోయింది. హాస్టల్లో అందరూ పడుకున్నారు. చెప్పడానికి ఎవరూ లేరు. నేనొక్కదాన్నే కారిడార్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను.”

“అది రాయి.”

“ఇంత చిన్న విషయమా? ఇది చూసి సీటిస్తారా?”

“ఏమో అమ్మా, నాకు తెలీదు. ఇవ్వకపోవచ్చు కూడా. కానీ అక్కడికెళ్లాక రాత్రి రెండింటికి ఏదో పనిచెయ్యనని మొరాయిస్తుంది కదా, అప్పుడు నీకు గుర్తొచ్చేది యంత్రాల మీద తపన కాదు. ఆ కారిడారే.”

రాసింది. రాత్రి భోజనాల దగ్గర చదివి వినిపించింది. కారిడారూ, మూడు రాత్రులూ, తప్పిన గుర్తూ అన్నీ ఉన్నాయి. బాగుంది. మా ఆవిడకి కూడా అర్థమైంది, తెలుగులో చెబితే. కానీ చిన్నప్పటి తపన వాక్యం కూడా మొదట అలాగే ఉంది.

“అదెందుకే ఇంకా?” అన్నాను.

“ఒక్క వాక్యం ఉండనీ తాతయ్యా, ఎందుకైనా మంచిది.”

వాదించలేదు. అప్పారావుగారంతటివారే నాటకానికి ముందు మహారాజావారికో అంకితం పెట్టుకున్నారు. ఆ పేజీ తిప్పాకే కదా నాటకం మొదలయ్యేది.